మానవ బంధాలను శాస్త్రదృష్టితో చూసిన ఆచార్యుడు – ఎమిల్ డర్క్‌హైమ్

సమాజశాస్త్రం చదవనారంభించిన ప్రతి విద్యార్థికీ తొలి అధ్యాయాలలోనే కొన్ని మాటలు ఎదురవుతాయి. సామాజిక వాస్తవం, సంఘీభావం, సామూహిక చేతన, ప్రమాణరాహిత్యం అన్నవి అటువంటివి. పరీక్ష కోసం నిర్వచనాలు కంఠస్థం చేసి, పరీక్ష ముగియగానే మరచిపోయేవారే ఎక్కువ. ఆ మాటలకు శాస్త్రంలో స్థానం కల్పించినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశపు ఆచార్యుడు ఎమిల్ డర్క్‌హైమ్. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులు ఒకరినొకరు విడువక కలిసి బ్రతకడానికి ఆధారమేమిటన్న ప్రశ్న ఆయనను జీవితాంతం వెంటాడింది. ఆ ప్రశ్న ఆయనకు గ్రంథాలయంలో పుట్టినది కాదు. తాను పెరిగిన సరిహద్దు పట్టణం, తాను చూసిన యుద్ధం, తన వారు పడిన అవమానం దానికి మూలాలు.

సరిహద్దు పట్టణంలో బాల్యం

ఫ్రాన్సు తూర్పు భాగాన లొరేన్ ప్రాంతంలో ఎపినాల్ అనే పట్టణం ఉంది. డర్క్‌హైమ్ అక్కడ 1858 ఏప్రిల్ 15న జన్మించారు. ఆయన పూర్తి పేరు డేవిడ్ ఎమిల్ డర్క్‌హైమ్. తండ్రి మోయిజ్ యూదుల మతగురువు. తాత, ముత్తాతలు కూడా ఆ వృత్తిలోనే జీవించారు. తల్లి మెలనీ బట్టలపై అల్లిక పని చేయించే చిన్న కార్ఖానా నడిపి సంసారానికి చేదోడుగా నిలిచేది. ఇంట్లో సంపద లేదు. నియమం, శ్రమ, చదువు పట్ల గౌరవం మాత్రం పుష్కలంగా ఉండేవి. వంశాచారం ప్రకారం ఈ బాలుడు కూడా మతగురువు కావలసినవాడే. చిన్ననాట హీబ్రూ భాష, ధర్మగ్రంథాలు అభ్యసించారు. అయితే యౌవనం రాకముందే ఆ మార్గం తనది కాదని నిశ్చయించుకున్నారు. మతవిశ్వాసాన్ని వదిలినా, మతం మనుషులను ఎలా ఒక్కటిగా ఉంచుతుందన్న కుతూహలం మాత్రం ఆయనను వదలలేదు.

ఆయనకు పన్నెండేళ్ల వయసులో, 1870లో, ఫ్రాన్సుకు ప్రష్యాకు మధ్య యుద్ధం వచ్చింది. ఫ్రాన్సు ఓడిపోయింది. ఎపినాల్ వీధులలో ప్రష్యా సైనికులు తిరిగారు. 1871 సంధిలో ఆల్సాస్ ప్రాంతమూ, లొరేన్‌లో కొంత భాగమూ జర్మనీ వశమయ్యాయి. ఎపినాల్ ఫ్రాన్సులోనే మిగిలింది గాని, ఎక్కడో దూరాన ఉండిన సరిహద్దు రేఖ దాని సమీపానికి వచ్చింది. నిన్నటి దాకా ఒకే ప్రాంతంగా ఉన్న ఊళ్లు రెండు దేశాలయ్యాయి. అదే సమయంలో ఓటమికి కారకులు యూదులేనన్న నింద వీధులలో వినిపించింది. ఆ నిందను తాను స్వయంగా చూశానని ఆయన చాలా ఏళ్ల తరువాత, 1899లో, రాతపూర్వకంగా తెలిపారు. సమాజం బాధలో ఉన్నప్పుడు ఆ బాధకు ఎవరినో ఒకరిని బాధ్యులను చేసి, బలహీనులపై కోపం తీర్చుకుంటుందని ఆయన వివరించారు. శాస్త్ర పరిభాషలో చెప్పిన ఆ మాట వెనుక పన్నెండేళ్ల బాలుడి అనుభవం ఉందని గ్రహించవచ్చు.

విద్యాభ్యాసం

ఎపినాల్ పాఠశాలలో ఆయన మేటి విద్యార్థి. పై చదువుకు పారిస్ చేరి, అక్కడి ప్రసిద్ధ ఎకోల్ నార్మల్ సుపీరియర్ ప్రవేశ పరీక్షకు కూర్చున్నారు. రెండు పర్యాయాలు విఫలమయ్యారు. తండ్రికి అనారోగ్యం, ఇంటి ఆర్థిక చింత, పెద్ద నగరంలో ఒంటరితనం ఆయనను కుంగదీశాయి. మూడవ ప్రయత్నంలో, 1879లో, ప్రవేశం లభించింది. అంతకుముందు ఏడాది చేరిన జాన్ జోరెస్, హెన్రీ బెర్గ్‌సన్ అక్కడ ఆయన సమకాలికులు. జోరెస్ తరువాత ఫ్రాన్సు సోషలిస్టు నాయకుడయ్యారు. బెర్గ్‌సన్ తత్త్వవేత్తగా లోకప్రసిద్ధి పొందారు. చరిత్రకారుడు ఫ్యుస్టెల్ ద కులాంజ్, తత్త్వశాస్త్ర ఆచార్యుడు బుట్రూ డర్క్‌హైమ్‌పై గాఢమైన ప్రభావం చూపారు.

అక్కడ అలంకారభరితమైన ప్రసంగానికి, చమత్కారానికి ఉన్న గౌరవం నిశిత పరిశీలనకు లేదని ఆయనకు అసంతృప్తి. 1882లో తత్త్వశాస్త్ర అధ్యాపక అర్హత పరీక్షలో ఉత్తీర్ణులైన వారి జాబితాలో ఆయన పేరు చివరి నుంచి రెండవది. నూరేళ్లు గడిచినా తన పుస్తకాలు ప్రపంచమంతటా చదివించుకోబోయే మనిషికి ఆనాడు దక్కిన స్థానం అది.

తరువాతి ఐదేళ్లు సాన్స్, సాన్ కాంతాన్ వంటి పట్టణాల ఉన్నత పాఠశాలలలో తత్త్వశాస్త్రం బోధించారు. 1885–86లో సెలవు తీసుకుని జర్మనీ వెళ్లారు. లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల వంటివి చూశారు. మనిషి ప్రవర్తనను ఊహతో గాక పరిశీలనతో తెలుసుకోవచ్చన్న నమ్మకం బలపడింది. తమ ప్రాంతాన్ని గెలుచుకున్న దేశం నుంచే నేర్చుకోవడానికి ఆయన వెనుకాడలేదు.

ఉపాధ్యాయులకు ఉపాధ్యాయుడు

1887 ఆయన జీవితంలో మలుపు. బోర్డో విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రాన్ని, బోధనాశాస్త్రాన్ని బోధించే ఉద్యోగం లభించింది. సమాజశాస్త్రానికి ఆ పేరు పెట్టినవాడు అంతకు అర్ధ శతాబ్దం ముందు ఆగస్ట్ కామ్ట్. అయితే విశ్వవిద్యాలయంలో ఆ విషయానికి పాదం మోపే చోటు ఇచ్చినది డర్క్‌హైమ్ బోధన. అది కూడా బోధనాశాస్త్రం నీడలో, పక్క తలుపు గుండా జరిగిన ప్రవేశమే. పాఠశాల ఉపాధ్యాయులకు బోధనా పద్ధతులు చెప్పడం ఆయన విధి. దానితో పాటు సామాజిక శాస్త్రం చెప్పుకునే వీలు కలిగింది.

ఆ విధిని ఆయన భారంగా భావించలేదు. 1881–82 చట్టాలతో ఫ్రాన్సులో ప్రాథమిక విద్య ఉచితం, నిర్బంధం, మతరహితం అయింది. మతబోధ లేని బడిలో పిల్లలకు నీతి ఏ ఆధారంతో నేర్పాలన్నది వేలాది ఉపాధ్యాయుల ముందున్న సమస్య. ఆ సమస్యకు సమాధానం వెతకడం ఆయన శాస్త్రంలో భాగమైంది.

అదే ఏడాది లూయీజ్ డ్రెఫ్యుస్‌తో ఆయనకు వివాహం జరిగింది. మారీ, ఆంద్రే అని ఇద్దరు పిల్లలు. లూయీజ్ ఇల్లు చక్కదిద్దడమే గాక వ్రాతప్రతులకు నకళ్లు తీసి, అచ్చుప్రతులు దిద్ది, భర్త పరిశోధనకు నిరంతరం తోడ్పడింది. పుస్తకాల మీద ఆమె పేరు లేదు గాని, ఆమె శ్రమ వాటిలో ఉంది.

రెండు రకాల సంఘీభావం

1893లో ‘సమాజంలో శ్రమ విభజన’ అనే పరిశోధన గ్రంథం వెలువడింది. పూర్వ సమాజాలలో అందరూ ఇంచుమించు ఒకే పని చేస్తారు, ఒకే దైవాన్ని కొలుస్తారు, ఒకే విధంగా ఆలోచిస్తారు. పోలిక వల్ల కలిగే ఆ ఐక్యతకు ఆయన యాంత్రిక సంఘీభావం అని పేరు పెట్టారు. అందరి మనస్సులలో సమానంగా ఉండే నమ్మకాల, భావాల సముదాయమే సామూహిక చేతన. ఆధునిక సమాజంలో ఒకరు నేత, ఒకరు కమ్మరి, ఒకరు వైద్యుడు, ఒకరు గుమాస్తా. పోలికలు తగ్గిపోతాయి. అయినా ఒకరి పని లేనిదే మరొకరికి జరగదు. శరీరంలో గుండె, ఊపిరితిత్తులు వేరువేరు పనులు చేస్తూనే ఒకదానిపై ఒకటి ఆధారపడినట్లు, భేదం నుంచి పుట్టే ఈ ఐక్యత జైవిక సంఘీభావం.

కంటికి కనబడని సంఘీభావాన్ని కొలవడానికి ఆయన చట్టాన్ని సాధనంగా ఎంచుకున్నారు. అందరూ ఒకేలా ఉన్న చోట తప్పు చేసినవాడిని శిక్షించే చట్టం ప్రధానం. తప్పు సమాజం మొత్తాన్ని గాయపరచినట్లు భావిస్తారు. వృత్తులు వేరుపడిన చోట నష్టాన్ని సరిదిద్ది, ఒప్పందాన్ని నిలబెట్టే చట్టం పెరుగుతుంది. ఈ చట్టాల పాళ్లను బట్టి ఆ సమాజాన్ని ఏ బంధం నిలుపుతున్నదో చెప్పవచ్చునని ఆయన వాదన. పూర్వ సమాజాలలో శిక్ష పాలును ఆయన ఎక్కువగా అంచనా వేశారని తరువాతి పరిశోధకులు విమర్శించారు.

ఆ గ్రంథంలోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. పని పంచుకోవడం దానంతటదే ఐక్యత తేదు. సామర్థ్యాన్ని బట్టి గాక పుట్టుకను బట్టి పని అంటగడితే అది బలవంతపు శ్రమ విభజన అవుతుంది. దానికి దృష్టాంతంగా ఆయన కుల వ్యవస్థను పేర్కొన్నారు. ఆచారం బలంగా ఉన్నంత కాలం దాన్ని జనం భరిస్తారు, న్యాయబుద్ధి మేల్కొన్ననాడు సంఘర్షణ తప్పదు అన్నది ఆయన అవగాహన.

సామాజిక వాస్తవం

1895లో వెలువడిన ‘సమాజశాస్త్ర పద్ధతి నియమాలు’ పరిమాణంలో చిన్నదే గాని, శాస్త్రానికి పునాది వంటిది. వ్యక్తికి వెలుపల ఉండి, అతనిపై ఒత్తిడి తెచ్చే ఆలోచన, ఆచరణ, అనుభూతి రీతులే సామాజిక వాస్తవాలని ఆయన నిర్వచించారు. భాష ఇందుకు చక్కని ఉదాహరణ. బిడ్డ పుట్టక ముందే భాష ఉంది, మనిషి పోయిన తరువాతా ఉంటుంది. దాన్ని ఒక్కరూ సృష్టించలేదు, ఒక్కరూ ఇష్టం వచ్చినట్లు మార్చలేరు. ఇంట్లో తెలుగు, అంగడిలో కన్నడమో తమిళమో ఒడియావో మాట్లాడే కుటుంబాలకు ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు. ఎక్కడ ఏ భాష మాట్లాడాలో ఎవరూ ఆజ్ఞాపించకపోయినా, తప్పితే ఎదుటివారి చూపు చెబుతుంది. ఆ చూపులోని బలమే సామాజిక వాస్తవం.

సామాజిక వాస్తవాలను వస్తువులను చూసినట్లు చూడాలన్నది ఆయన మొదటి నియమం. సమాజం రాయి వంటిదని దీని భావం కాదు. ముందే తెలుసునన్న అహంకారం విడిచి, బయటి నుంచి పరిశీలించి తెలుసుకోవాలని భావం.

మరణాల లెక్కలలో బ్రతుకు రహస్యం

ఈ పద్ధతికి పరీక్షగా ఆయన అత్యంత కఠినమైన విషయాన్ని ఎన్నుకున్నారు. ఆత్మహత్య పూర్తిగా వ్యక్తి మనస్సుకు సంబంధించినదని అందరి నమ్మకం. విద్యార్థి దశలో ఆయనకు ప్రాణమిత్రుడైన విక్టర్ ఒమే 1886లో అకాల మరణం పాలవడం ఆయనను కలచివేసింది. ఆ మిత్రుడికి సంస్మరణ వ్యాసం కూడా ఆయనే వ్రాశారు. మరుసటి దశాబ్దంలో ఐరోపా దేశాల లెక్కలు సేకరించారు. ఫ్రాన్సు న్యాయశాఖలోని సుమారు 26,000 ఆత్మహత్యల దస్త్రాలను వయస్సు, వివాహం, సంతానం ప్రకారం వర్గీకరించే పని అక్క కుమారుడు మార్సెల్ మాస్ చేశారు. 1897లో ‘ఆత్మహత్య’ గ్రంథం వెలువడింది.

ఒక్కొక్కరి కారణం వేరైనా, ఒక్కొక్క సమాజంలో ఆత్మహత్యల రేటు ఏటేటా దాదాపు స్థిరంగా ఉండడం ఆయన గమనించారు. కాథలిక్కుల కంటే ప్రొటెస్టంట్లలో, వివాహితుల కంటే అవివాహితులలో, సంతానవంతుల కంటే సంతానం లేనివారిలో ఆ రేటు ఎక్కువ. యుద్ధకాలంలో తగ్గుతుంది. ఆర్థిక మాంద్యంలో పెరగడం సహజమనిపిస్తుంది. విచిత్రంగా హఠాత్తుగా సంపద పెరిగినప్పుడూ పెరుగుతుంది. అందుచేత పేదరికం ఒక్కటే కారణం కాదని ఆయన తేల్చారు. మనిషిని పట్టి ఉంచే బంధాలు సడలితే ఒక రకం ప్రమాదం. బంధాలు బిగిసి, వ్యక్తి ప్రాణానికి విలువ లేకుండా పోతే మరొక రకం. దీనికి ఆయన భారతదేశపు సహగమనాన్ని కూడా ఉదాహరించారు. కోరికలకు హద్దు చూపే నియమాలు కూలిపోతే కలిగే మూడవ స్థితికి ఆయన వాడిన మాట అనామీ, అంటే ప్రమాణరాహిత్యం. నియమాల భారం ఊపిరి సలపనివ్వనిది నాలుగవది.

ఈ గ్రంథానికి లోపాలు లేకపోలేదు. ఏ మరణాన్ని ఆత్మహత్యగా నమోదు చేస్తారన్నది ఊరిని బట్టి, మతాన్ని బట్టి మారుతుందని, కాబట్టి లెక్కలనే అనుమానించాలని తరువాతి విమర్శకులు ఎత్తిచూపారు. వివాహం వల్ల పురుషుడికి కలిగే రక్షణ స్త్రీకి అంతగా కలగడం లేదని లెక్కలలో కనిపెట్టినా, దానికి కారణం స్త్రీ స్వభావంలో వెతకడం ఆయన కాలపు పరిమితి. అయినా మూల సందేశం నిలిచింది. నిరాశలో ఉన్న మనిషికి ఉపదేశం కంటే తనవారనుకునే మనుషులు అవసరం. అటువంటి వ్యక్తిని ఒంటరిగా వదలకుండడం కుటుంబం మీద, బడి మీద, పొరుగు మీద కూడా ఉన్న బాధ్యత.

న్యాయం కోసం, విద్య కోసం

1898లో ఆయన ‘సమాజశాస్త్ర వార్షిక’ అనే పత్రికను స్థాపించారు. 1913 నాటికి పన్నెండు సంపుటాలు వెలువడ్డాయి. మాస్, బుగ్లే, రాబర్ట్ హెర్ట్జ్ వంటి యువకులు ఆయన చుట్టూ చేరి ఒక కుటుంబంగా పనిచేశారు.

అదే కాలంలో ఫ్రాన్సు రెండుగా చీలింది. యూదుడైన సైనికాధికారి ఆల్‌ఫ్రెడ్ డ్రెఫ్యుస్‌పై గూఢచర్యం నేరం మోపి, 1894లో అన్యాయంగా శిక్షించారు. సైన్యం గౌరవం కోసం ఒక నిర్దోషి బలి అయినా ఫరవాలేదన్న వాదన బలంగా ఉండేది. బంధాల గురించి, క్రమశిక్షణ గురించి ఇంతగా వ్రాసిన మనిషి ఆ పక్షాన నిలుస్తారని ఎవరైనా అనుకోవచ్చు. ఆయన అందుకు విరుద్ధంగా మానవ హక్కుల సమితిలో చురుకుగా పనిచేసి, 1898లో ఒక ప్రసిద్ధ వ్యాసం వ్రాశారు. మతాలు, వృత్తులు వేరైన ఆధునిక సమాజంలో అందరికీ ఉమ్మడిగా మిగిలేది మానవత్వం ఒక్కటే, కాబట్టి ఒక్క వ్యక్తి హక్కును కాలరాస్తే సమాజాన్ని నిలిపే బంధమే తెగుతుందని వాదించారు. డ్రెఫ్యుస్ నిర్దోషి అని 1906లో న్యాయస్థానం ప్రకటించింది.

1902లో ఆయన పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్ర బోధనకు వెళ్లారు. 1906లో ఆచార్య పదవి లభించింది. ఆ పీఠం పేరులో సమాజశాస్త్రం అన్న మాట చేరడానికి 1913 దాకా ఆగవలసి వచ్చింది. నైతిక విద్యకు మూడు అంగాలున్నాయని ఆయన బోధించారు. మొదటిది క్రమశిక్షణ. రెండవది సంఘం పట్ల అనురాగం. మూడవది నియమాన్ని అర్థం చేసుకుని స్వేచ్ఛగా అంగీకరించడం. శిక్ష ఉద్దేశం బాధ పెట్టడం కాదని, నియమం ఇంకా సజీవంగా ఉందని తెలపడమేనని వివరించారు. పిల్లలను కొట్టడాన్ని ఆయన స్పష్టంగా వ్యతిరేకించారు. బెత్తం సర్వసాధారణమైన కాలంలో అది సామాన్యమైన మాట కాదు.

1912లో ‘మత జీవన మూల రూపాలు’ వెలువడింది. ఆస్ట్రేలియా ఆదివాసుల ఆచారాలపై ఇతరులు వ్రాసిన వివరాల ఆధారంగా, ప్రతి మతమూ లోకాన్ని పవిత్రం, లౌకికం అని రెండుగా విభజిస్తుందని ఆయన చెప్పారు. జనం ఒక్కచోట చేరి పూజ చేసేటప్పుడు ఒంటరిగా ఉన్నప్పుడు లేని బలం వారిలో ప్రవేశిస్తుంది. ఆ బలం దైవానిదని వారు భావిస్తారు, నిజానికి అది సంఘానిదేనని ఆయన సిద్ధాంతం. ఆస్ట్రేలియా ఆయన చూడలేదు. ఆధారాలు చాలవని తరువాతి మానవశాస్త్రజ్ఞులు ఆక్షేపించారు. అయినా జాతరలో, ఉత్సవంలో జనసమూహంతో కదిలిన వారెవరికైనా ఆ ఆలోచనలోని సత్యం స్ఫురిస్తుంది.

యుద్ధం తెచ్చిన విషాదం

1914లో ప్రపంచ యుద్ధం వచ్చింది. ప్రాయం మీరిన డర్క్‌హైమ్ కలంతో దేశసేవకు పూనుకుని, యుద్ధ కారణాలను వివరించే పుస్తికలు వ్రాశారు. ఆయన శిష్యులు సరిహద్దులకు వెళ్లారు. ప్రియశిష్యుడు హెర్ట్జ్ 1915 ఏప్రిల్‌లో నేలకొరిగాడు. మరికొందరు అదే దారి పట్టారు. కుమారుడు ఆంద్రే భాషాశాస్త్రంలో గొప్ప భవిష్యత్తు ఉన్న యువకుడు. తండ్రి ఆశలన్నీ అతనిపైనే. బాల్కన్ యుద్ధరంగంలో 1915 చివర అతడు గాయపడి మరణించాడు. ఇంటికి ఆ వార్త సరిగా చేరలేదు. నెలల తరబడి ఆచూకీ తెలియక తల్లడిల్లిన తరువాత, 1916లో మరణం నిర్ధారణ అయింది.

పుత్రశోకం తీరక ముందే మరొక దెబ్బ తగిలింది. ఆయన పరదేశి సంతతివాడని, శత్రువుకు తోడ్పడుతున్నాడని ధ్వనించేలా 1916లో సెనేట్‌లో ఒక సభ్యుడు మాట్లాడాడు. కుమారుణ్ణి దేశానికి అర్పించిన తండ్రికి దక్కిన మాట అది. విద్యామంత్రి పాన్‌లెవె సభలోనే దాన్ని ఖండించారు. 1870లో ఎపినాల్ వీధులలో బాలుడు విన్న నింద నలభై ఆరేళ్ల తరువాత చట్టసభలో తిరిగి వినిపించింది.

డర్క్‌హైమ్ దుఃఖాన్ని బయట పెట్టలేదు. కొడుకు ప్రస్తావన తేవద్దని సన్నిహితులను కోరి, పనిలో మునిగిపోయారు. మనిషిని పట్టి నిలిపే బంధాల గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన ఆయనను ఆ తెలివి కాపాడలేకపోయింది. 1916 చివర పక్షవాతం వచ్చింది. కొంత కోలుకుని, నీతిశాస్త్రంపై చిరకాలంగా తలపెట్టిన గ్రంథానికి తొలి పుటలు వ్రాశారు. అది పూర్తి కాలేదు. 1917 నవంబరు 15న, 59 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన తరువాత

చెల్లాచెదరైన శిష్యబృందాన్ని మాస్ మళ్లీ కూడగట్టారు. అసంపూర్ణంగా మిగిలిన గురువు ఉపన్యాసాలను, మరణించిన మిత్రుల రచనలను వెలుగులోకి తేవడానికి తన సొంత పరిశోధన కాలాన్ని ధారపోశారు. నైతిక విద్యపై ఉపన్యాసాలు 1925లో పుస్తకంగా వచ్చాయి.

ఆ పరంపర దక్షిణ భారతానికి కూడా చేరింది. బుగ్లే 1908లోనే కుల వ్యవస్థపై గ్రంథం ప్రచురించారు. మాస్ శిష్యుడు లూయీ డ్యూమాంట్ తమిళనాడులో క్షేత్ర పరిశోధన చేసి, 1966లో కులంపై తన ప్రసిద్ధ గ్రంథం వెలువరించారు. డర్క్‌హైమ్ ప్రభావంలో పెరిగిన బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్ బ్రౌన్ వద్ద ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన మైసూరువాసి ఎం.ఎన్. శ్రీనివాస్, కొడగు ప్రజల మతాచారాలు వారి సంఘీభావాన్ని ఎలా నిలుపుతున్నాయో 1952 నాటి గ్రంథంలో వివరించారు. భారతీయ సమాజశాస్త్రానికి అది మైలురాయి.

డర్క్‌హైమ్ సిద్ధాంతాలలో కాలం కొన్నింటిని సవరించింది, కొన్నింటిని తోసిపుచ్చింది. పోలిక లేనివారు కూడా ఒకరికొకరు అవసరమై కలిసి ఉండగలరన్న ఆయన మాట మాత్రం చెక్కు చెదరలేదు. భాషలు, మతాలు, వృత్తులు కలగలిసిన ప్రతి ఊరిలో అది నిత్యం రుజువవుతూనే ఉంది. అయితే ఆ కలయిక న్యాయం మీద నిలిచినప్పుడే బంధం అవుతుంది, లేనప్పుడు అది సంకెల అవుతుంది. సరిహద్దు పట్టణంలో పుట్టి, పరాయివాడన్న నిందను తొలి వయసులోనూ తుది రోజులలోనూ భరించిన ఆచార్యుడు తన జీవితమంతా వెచ్చించి చెప్పిన పాఠం ఇదే.